ఏ లీవరు ఏ మోకాలికి? 3 పెడళ్ళు, 5 లీవర్ల పెడల్ స్టీల్ గిటార్ సమీక్ష

ఈ సమీక్ష పది తీగలు, ఒకే మెడ (తీగలు పరిచిన పలక) ఉన్న పెడల్ స్టీల్ గిటార్ గురించి. అమెరికాలోని ఒక చిన్న వర్క్‌షాపులో తయారైన వాద్యం ఇది. ఇ నైన్త్ అనే శ్రుతి, 3 పెడళ్ళు, 5 మోకాలి లీవర్లు. తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే నేను పరీక్షించదలచుకున్నది చెక్క నునుపునో పికప్ నాణ్యతనో కాదు, ఏ పెడల్ నొక్కితే ఏ తీగ ఎంత పెరుగుతుంది, ఏ లీవరు నెడితే ఏ తీగ ఎంత దిగుతుంది అన్న అమరికను. ఆ అమరిక ఈ వర్క్‌షాపు సొంత సొత్తు కాదు. నేడు కొత్తగా అమ్ముడయ్యే ఇ నైన్త్ వాద్యాల్లో అత్యధికం కొద్దిపాటి తేడాలతో దీనితోనే వస్తాయి. వాద్యానికి ఆర్డరు ఇచ్చేటప్పుడు తయారీదారు ఒక పట్టిక పంపుతాడు. కోపెడెంట్ అని పిలిచే ఆ పట్టికను సరిగా చదవకుండానే ‘స్టాండర్డ్’ అన్న చోట టిక్కు పెట్టి, చెక్క రంగు ఎంచుకోవడానికి వారాలు వెచ్చించేవారు చాలామంది ఉన్నారు. వేల డాలర్లు పోసి కొనే వస్తువు విషయంలో ఇది తలకిందుల వ్యవహారం.

ఈ వాద్యాన్ని దగ్గరగా చూడని పాఠకుల కోసం క్లుప్తంగా చెబుతాను. నాలుగు కాళ్ళ మీద సన్నని బల్లలా నిలిచిన ఈ గిటార్ ముందు వాయించేవారు కూర్చుంటారు. ఎడమ చేతిలో గుండ్రని స్టీలు బార్ తీగలపై జారుతుంది, కుడి చేతి వేళ్ళకు తొడిగిన పిక్కులు తీగలను మీటుతాయి. ఎడమ పాదం పెడళ్ళ మీద, కుడి పాదం శబ్దం హెచ్చుతగ్గులను అదుపుచేసే వాల్యూమ్ పెడల్ మీద ఉంటాయి. రెండు మోకాళ్ళూ బల్ల కింద వేలాడే లీవర్లను పక్కకు నెడతాయి. పాత తెలుగు సినిమా పాటల్లో వినిపించే హవాయన్ గిటార్‌లోనూ, మన గోటువాద్యంలోనూ తీగలన్నీ బార్‌తో పాటు ఒక్కుమ్మడిగా జారుతాయి. ఇక్కడ మాత్రం బార్ కదలకుండా ఉండగానే ఒక్క తీగ పైకి పోతుంది, పక్క తీగ ఉన్నచోటే నిలుస్తుంది. వీణ మీద మెట్టుపై తీగను పక్కకు లాగి గమకం పలికించడం తెలిసినవారికి ఈ వాద్యం ఆయువుపట్టు ఎక్కడుందో వెంటనే అర్థమవుతుంది; తేడా ఏమిటంటే ఇక్కడ లాగేది పాదం, ఎంతవరకు లాగాలో ముందే ఇనుప కడ్డీలతో కొలిచి బిగించి ఉంటుంది.

వాయించేవారికి దూరంగా ఉన్న మొదటి తీగ నుంచి దగ్గరగా ఉన్న పదో తీగ వరకు శ్రుతి ఇలా ఉంటుంది: ఎఫ్ షార్ప్, డి షార్ప్, జి షార్ప్, ఇ, బి, జి షార్ప్, ఎఫ్ షార్ప్, ఇ, డి, బి. పాశ్చాత్య సంగీతంలో ఎ నుంచి జి వరకు అక్షరాలే స్వరాల పేర్లు; షార్ప్ అంటే అర స్వరం ఎక్కువ, ఫ్లాట్ అంటే అర స్వరం తక్కువ. మొదటి రెండు తీగలు మిగిలినవాటి వరుసలో ఇమడనట్టు, మూడో తీగ కంటే తక్కువ స్థాయిలో ఉండడం కొత్తవారిని తికమక పెడుతుంది. స్వరాల మధ్య ఖాళీలు పూరించడానికి పేరున్న పెడల్ స్టీల్ వాద్యకారుడు బడ్డీ ఎమన్స్ 1960ల తొలినాళ్ళలో వాటిని చేర్చాడు. ఇక పెడళ్ళ సంగతి; వాటి ఎ, బి, సి పేర్లకూ స్వరాల పేర్లకూ సంబంధం లేదు. ఎ పెడల్ 5, 10 తీగలను బి నుంచి సి షార్ప్‌కు పెంచుతుంది. బి పెడల్ 3, 6 తీగలను జి షార్ప్ నుంచి ఎ స్వరానికి పెంచుతుంది. సి పెడల్ 4వ తీగను ఇ నుంచి ఎఫ్ షార్ప్‌కు, 5వ తీగను బి నుంచి సి షార్ప్‌కు పెంచుతుంది. 1954లో కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ పాట ‘స్లోలీ’ రికార్డులో స్టీల్ గిటార్ వాయించిన బడ్ ఐజక్స్ ఒకే పెడల్‌తో, తీగలు ఇంకా మోగుతుండగానే స్వరం మార్చాడు. దేశమంతటా స్టీల్ గిటార్ వాయించేవారు ఆ ధ్వని కోసం తమ వాద్యాలను విప్పి మళ్ళీ బిగించుకున్నారు. ఆ ఒక్క పెడల్ పనిని తరవాత ఎమన్స్, మరో వాద్యకారుడు జిమ్మీ డే రెండు పెడళ్ళుగా విడగొట్టారు. నేటి ఎ, బి పెడళ్ళు అవే. ఈ మూడు పెడళ్ళ గురించి వాదన దాదాపు లేదు. వాదన అంతా లీవర్ల దగ్గరే.

నేను పరీక్షించిన వాద్యం మీద లీవర్లు ఇలా ఉన్నాయి. ఎడమ మోకాలిని ఎడమకు నెడితే 4, 8 తీగలు ఇ నుంచి ఎఫ్‌కు పెరుగుతాయి. అదే మోకాలిని కుడికి నెడితే ఆ తీగలే డి షార్ప్‌కు దిగుతాయి. ఎడమ మోకాలిని పైకి ఎత్తితే నిలువు లీవరు 5, 10 తీగలను బి నుంచి బి ఫ్లాట్‌కు దించుతుంది. కుడి మోకాలిని ఎడమకు నెడితే మొదటి తీగ జి స్వరానికి, రెండోది ఇ స్వరానికి పెరుగుతాయి. కుడి మోకాలిని కుడికి నెడితే రెండో తీగ మొదట డి స్వరానికి, ఇంకా నెడితే సి షార్ప్‌కు దిగుతుంది. దానితో పాటు తొమ్మిదో తీగ డి నుంచి సి షార్ప్‌కు దిగుతుంది.

పట్టికలో ఏ గడికి ఆ గడిని చూస్తే అన్నీ సమానంగానే కనిపిస్తాయి. వాయించేటప్పుడు మాత్రం ఏదీ ఒంటరిగా పనిచేయదు. కాబట్టి అమరికను తూచాల్సింది జంటలుగా: ఏ లీవరును ఏ పెడల్‌తో కలిపి పట్టుకోవాలి, ఆ క్షణంలో పాదం ఎటు వాలుతుంది, మోకాలు దానంతట అది ఎటు పోవాలనుకుంటుంది అన్న లెక్కతో.

ఈ లెక్క ఇ తీగలను ఎఫ్‌కు పెంచే ఎఫ్ లీవరు దగ్గర అన్నిటికంటే స్పష్టంగా తేలుతుంది. జి మేజర్ కార్డ్‌ను (కార్డ్ అంటే కలిసి మోగే స్వరాల గుత్తి) ఈ వాద్యంపై మూడు చోట్ల పట్టుకోవచ్చు. మూడో ఫ్రెట్ (బార్ ఎక్కడ ఆపాలో చూపే గీత) వద్ద ఏదీ నొక్కకుండా; పదో ఫ్రెట్ వద్ద ఎ, బి పెడళ్ళు రెండూ నొక్కి; ఆరో ఫ్రెట్ వద్ద ఎ పెడల్‌ను, ఎఫ్ లీవరును కలిపి. మొదటి రెండు స్థానాల మధ్య ఏడు ఫ్రెట్ల దూరం ఉంది. మూడో స్థానం ఆ దూరానికి మధ్యలో మెట్టు వేస్తుంది. పదో ఫ్రెట్ నుంచి ఆరో ఫ్రెట్‌కు దిగేటప్పుడు ఎడమ పాదం ఎ, బి పెడళ్ళు రెంటి మీదా అడ్డంగా ఉండి, బి పెడల్‌ను వదిలి ఎ మీద మాత్రమే నిలవాలి. ఎమన్స్ పద్ధతిలో పెడళ్ళు ఎడమ నుంచి కుడికి ఎ, బి, సి వరుసలో ఉంటాయి. కాబట్టి పాదం ఎడమకు ఒరుగుతుంది, దానితో పాటే మోకాలూ ఎడమకు వాలుతుంది. సరిగ్గా అక్కడే ఎఫ్ లీవరు కాచుకుని ఉంటుంది. రెండు కదలికలూ ఒకే కదలికగా కలిసిపోతాయి. జిమ్మీ డే పద్ధతిలో వరుస సి, బి, ఎ కావడంతో బి పెడల్‌ను వదిలేటప్పుడు పాదం కుడికి ఒరుగుతుంది. అందువల్లే ఆ పద్ధతి వాడేవారిలో ఎక్కువమంది ఎఫ్ లీవరును ఎడమ మోకాలికి కుడివైపున పెట్టించుకుంటారు. ఈ రెంటిలో ఏది మేలని జరిగే చర్చల్లో చాలా భాగం వృథా. చీలమండ ఎటు సులువుగా తిరుగుతుందో కుర్చీలో కూర్చుని ఒకసారి చూసుకుంటే తేలిపోయే విషయం అది. పెడళ్ళ వరుసను డే పద్ధతిలోకి మార్పించుకుని, లీవర్లను ఎమన్స్ పద్ధతిలోనే వదిలేయడం మాత్రం చేయకూడదు. పాత వాద్యాలు కొనేవారికి ఇటువంటి సగం సగం మార్పులు తరచూ ఎదురవుతాయి.

నేను పరీక్షించిన వాద్యంపై ఎఫ్ లీవరు కదలిక పొట్టిగా, గట్టి ఆగుదలతో ఉంది. మోకాలు సుమారు రెండు వేళ్ళ మందం కదిలేలోపే స్వరం ఎఫ్‌కు చేరి నిలుస్తుంది. కదలిక ఇంత పొట్టిగా ఉంటే బరువు పెరగక తప్పదు. మోకాలు చేసే పని మొత్తం ఒకటే. తక్కువ దూరంలో చేయాలంటే ఎక్కువ బలం పెట్టాలి. బల్ల కింద అడ్డంగా తిరిగే ఇరుసుకు బిగించిన బెల్ క్రాంక్ అనే చిన్న చేతిలో, తీగ యంత్రాన్ని లాగే పుల్ రాడ్ తగిలించే రంధ్రాలు వరుసగా ఉంటాయి. రాడ్‌ను ఇరుసుకు దగ్గరి రంధ్రంలో పెడితే లీవరు తేలికగా, ఎక్కువ దూరం కదులుతుంది; దూరపు రంధ్రంలో పెడితే బరువుగా, తక్కువ దూరం కదులుతుంది. ఎఫ్ లీవరుకు ఈ బరువు నాకు నచ్చింది, ఎందుకంటే అది క్షణంలో పట్టి క్షణంలో వదలాల్సిన లీవరు.

డి షార్ప్‌కు దించే లీవరు ఈ అమరికలో అన్నిటికంటే ఎక్కువ ప్రతిఫలం ఇస్తుందని నా అభిప్రాయం. మూడో ఫ్రెట్ వద్ద బార్ పెట్టి ఏదీ నొక్కకపోతే జి మేజర్. ఎ, బి పెడళ్ళు నొక్కితే సి మేజర్. పెడళ్ళు వదిలి ఈ లీవరు నెట్టి 4, 5, 7 తీగలు మీటితే డి మేజర్. దానికి బి పెడల్ కలిపి ఆరో తీగను కూడా మీటితే డి సెవెంత్. ఒక పాటకు ప్రాణమైన మూడు కార్డులూ బార్‌ను వెంట్రుకవాసి జరపకుండా వచ్చేస్తాయి. ఎ పెడల్ ఒక్కటే నొక్కితే ఇ మైనర్, బి, సి పెడళ్ళు కలిపితే ఎ మైనర్ అదే ఫ్రెట్ మీద దొరుకుతాయి. ఎఫ్ లీవరు ఒక్కటే నెడితే జి షార్ప్ డిమినిష్డ్ పలుకుతుంది. జి మేజర్ నుంచి ఎ మైనర్‌కు పోయే దారిలో దానికంటే మంచి మెట్టు లేదు. కొత్తగా నేర్చుకునేవారు ఈ ఒక్క ఫ్రెట్ మీదనే చాలాకాలం కూర్చోవచ్చు. ఇ తీగలను పెంచే లీవరు, దించే లీవరు రెండూ ఒకే మోకాలికి ఉండడం వల్ల నష్టం లేదు, ఎందుకంటే ఒకే తీగను ఒకేసారి పెంచి దించాల్సిన అవసరం రాదు. దించే లీవరును కుడి మోకాలికి మార్పించుకునేవారూ ఉన్నారు. ఎడమ పాదం పెడళ్ళ మీద పూర్తి స్థిరంగా ఉండగా దించవచ్చన్నది వారి వాదన. అది న్యాయమైన వాదనే, కానీ కుడి మోకాలికి ఉన్న ఇబ్బందులు వేరు; వాటి దగ్గరికి వస్తాను.

ఇక నిలువు లీవరు. ఈ వాద్యం మీద నాకు అసంతృప్తి కలిగించినది ఇదే. సమీక్షలో ఎక్కువ చోటు దీనికే ఇస్తున్నాను. బి ఫ్లాట్ మార్పు అవసరమా అంటే తప్పకుండా అవసరమే. మూడో ఫ్రెట్ వద్ద ఎ, బి పెడళ్ళతో వచ్చే సి మేజర్‌కు ఈ లీవరు కలిపితే సి మైనర్ అవుతుంది. జి శ్రుతిలోని పాటలో సి మేజర్ నుంచి సి మైనర్‌కు జారి మళ్ళీ జికి వచ్చే ఆ మలుపు నెమ్మది పాటల్లో గుండెను పట్టి లాగే చోటు. ఎఫ్ లీవరుతో కలిపి తొమ్మిదో తీగను కూడా మీటితే ఒక పూర్తి సెవెంత్ కార్డ్ దొరుకుతుంది. కాబట్టి సమస్య మార్పులో లేదు, దానిని నిలువు లీవరుకు అప్పగించడంలో ఉంది.

పెడళ్ళు నొక్కినప్పుడు పాదం కిందికి పోతుంది, దానితో మోకాలు కూడా కొంత దిగుతుంది. నిలువు లీవరు కోసం అదే మోకాలు పైకి లేవాలి. పెడళ్ళు వదలకుండా మోకాలు లేవాలంటే మడమను ఎత్తి, పాదం ముందు భాగంతో పెడళ్ళను అదిమిపట్టాలి. సి మేజర్ నుంచి సి మైనర్‌కు పోయే ఆ నాజూకైన చోట ఇంత కసరత్తు చేయాల్సి రావడం వల్ల తొలినాళ్ళలో పెడళ్ళు కొద్దిగా లేచిపోయి శ్రుతి చెదురుతుంది. ఎత్తు తక్కువ ఉన్నవారికి ఇది మరింత కష్టం. నా వాద్యంపై లీవరు కొస తొడకు మరీ ఎగువన ఉంది. దాన్ని అందుకునేలోపే పెడళ్ళ మీద పట్టు సడలిపోయేది. లీవరు ఆగుదల స్క్రూను తిప్పి కొంత కిందికి దించవచ్చు, కానీ మరీ దించితే పెడళ్ళు వదిలిన ప్రతిసారీ మోకాలు దానికి తగులుతుంది. కాళ్ళ గొట్టాల ఎత్తు, పెడల్ రాడ్ల పొడవు, కుర్చీ ఎత్తు ఈ మూడూ సర్దుకున్న తరవాతే ఈ లీవరు చోటు కుదురుతుంది. ఆర్డరు ఇచ్చేటప్పుడు ఎత్తును, కూర్చున్నప్పుడు నేల నుంచి మోకాలి పైభాగం వరకు కొలతను తయారీదారుకు రాసి పంపడం మంచిది. దుస్తులు కుట్టించుకునేటప్పుడు కొలతలు ఇచ్చేవాళ్ళం, ఇంత ఖరీదైన వాద్యానికి ఇవ్వకపోవడం వింత.

అంతకంటే పెద్ద లోపం శ్రుతిలో కనిపించింది. ఎ పెడల్ ఐదో తీగను బి నుంచి సి షార్ప్‌కు పెంచుతుంది. నిలువు లీవరు అదే తీగను బి ఫ్లాట్‌కు దించుతుంది. రెండూ ఒకేసారి పనిచేసినప్పుడు తీగ ఈ రెంటికీ మధ్యనున్న సి స్వరంపై నిలవాలి. కానీ పెంచే యంత్రం, దించే యంత్రం ఛేంజర్‌లో, అంటే తీగల చివర వాటి బిగువు మార్చే పరికరంలో, వేరు వేరు. ఒక్కొక్కటి విడిగా సరిగ్గా శ్రుతి అయినంత మాత్రాన కలిసినప్పుడు సి స్వరం దానంతట అది కుదరదు. ఇందుకోసం ఛేంజర్ చివర ఒక్కో తీగకు ఒక చిన్న స్ప్లిట్ స్క్రూ ఉండాలి. విడిగా బి, ఎ పెడల్‌తో సి షార్ప్, లీవరుతో బి ఫ్లాట్, రెండూ కలిపి పట్టినప్పుడు సి స్వరం, ఈ నాలుగూ కుదిరేలా శ్రుతి చేయాలి. నేను కొన్న వాద్యంలో పట్టికలో మార్పు ఉంది, స్ప్లిట్ స్క్రూ లేదు. సి స్వరం చెవికి గుచ్చుకునేంత హెచ్చుగా పలికింది. వర్క్‌షాపుకు రాస్తే తరవాత అమర్చి ఇచ్చారు, అదనపు రుసుము తీసుకోలేదు. అయినా అడిగితే గాని రాని వస్తువు అది. పట్టికలో ‘బి ఫ్లాట్’ అని చూసి తృప్తిపడితే ఈ లోపం ఇంటికి వచ్చాకే తెలుస్తుంది.

బి ఫ్లాట్ మార్పును నిలువు లీవరు నుంచి తప్పించి ఎక్కడ పెట్టాలి? కుడి మోకాలికి మార్చవచ్చు. అప్పుడు ఎడమ పాదం పెడళ్ళను నిశ్చింతగా పట్టుకుని ఉండగా కుడి మోకాలు ఈ పని చేస్తుంది. అయితే కుడి పాదం వాల్యూమ్ పెడల్‌ను కదుపుతూ ఉంటుంది. మోకాలు ఒక పక్కకు ఒరిగినప్పుడు చీలమండ కోణం మారి, కోరకుండానే శబ్దం తగ్గడమో పెరగడమో జరుగుతుంది. క్షణంపాటు పట్టి వదిలే మార్పులకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. ఒక స్వరం సాగుతూ మెల్లగా ఆరిపోయే చోట, వాల్యూమ్ పెడల్ క్రమంగా తెరుచుకుంటున్నప్పుడే లీవరు పట్టి ఉంచాల్సిన మార్పులకు మాత్రం ఇది ఇబ్బందే. ఈ కారణంగానే ఇ తీగలను దించే లీవరును నేను ఎడమ మోకాలి దగ్గరే ఉంచుతాను. బి ఫ్లాట్‌ను మాత్రం కుడివైపుకు మార్పించుకోవాలనే అంటాను, ఎందుకంటే అది తక్కువసార్లు, తక్కువసేపు వాడే మార్పు.

కుడి మోకాలి లీవర్లలో రెండో తీగను డి షార్ప్ నుంచి డి మీదుగా సి షార్ప్‌కు దించేది ఈ వాద్యంలో బాగా కుదిరింది. మధ్యలో డి స్వరం దగ్గర ఒక ఆగుదల మోకాలికి తెలియాలి. లేకపోతే ఆ స్వరం ప్రతిసారీ అటో ఇటో జారుతుంది. ఇక్కడ తొమ్మిదో తీగను దించే రాడ్‌ను, రెండో తీగ సరిగ్గా డి స్వరానికి చేరిన తరవాతే లాగడం మొదలయ్యేలా వదులుగా ఉంచారు. రెండో తీగ డి దగ్గరికి వచ్చేసరికి లీవరు బరువు హఠాత్తుగా పెరుగుతుంది. మోకాలు అక్కడ ఆగుతుంది. ఎటువంటి అదనపు భాగమూ లేకుండా రాడ్ల సమయంతోనే ఆగుదల పుట్టించడం పనితనం. మొదటి తీగను జి స్వరానికి పెంచే లీవరు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. రెండో తీగ ఇ స్వరానికి పెరిగి నాలుగో తీగతో ఒకటై మోగడం వేగంగా వాయించే చోట అందంగా ఉంటుంది, అంతే.

శ్రుతి విషయంలో కొనేవారు ముందే తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. మామూలు ట్యూనర్ చూపే సమాన విభజన ప్రకారం మేజర్ థర్డ్ (మేజర్ కార్డ్‌లో మొదటి స్వరం నుంచి రెండో స్వరానికి దూరం) 400 సెంట్లు; సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు. చెవికి కదలిక లేకుండా మోగే శుద్ధ థర్డ్ సుమారు 386 సెంట్లు. బార్‌ను నిలకడగా పట్టి తీగలు చాలాసేపు మోగే ఈ వాద్యంలో ఆ 14 సెంట్ల తేడా దాగదు, కాబట్టి జి షార్ప్ తీగలను ట్యూనర్ చూపేదానికంటే తక్కువగా శ్రుతి చేస్తారు. ఎ పెడల్‌తో వచ్చే సి షార్ప్ కూడా ఎ కార్డ్‌లో థర్డే కనుక అదీ తగ్గుతుంది. ఎఫ్ లీవరుతో వచ్చే స్వరం ఇప్పటికే తగ్గిన ఆ సి షార్ప్‌కు మళ్ళీ థర్డ్ కావడంతో, పూర్తి శుద్ధంగా శ్రుతి చేస్తే ట్యూనర్‌పై దాదాపు 30 సెంట్లు తక్కువ చూపిస్తుంది. మొదటిసారి చూసినవారు వాద్యం పాడైందనుకుంటారు; పాడవలేదు. బృందంలో కీబోర్డుతో కలిసి వాయించేవారు ఈ తేడాల్లో కొంత రాజీ పడతారు. పీటర్సన్ స్ట్రోబ్ ట్యూనర్లలో ఇ నైన్త్ పెడల్ స్టీల్ కోసం ముందే లెక్కగట్టిన శ్రుతి పట్టికలు ఉన్నాయి. కొత్తవారికి ఆ ఖర్చు దండగ కాదు. ఎఫ్ షార్ప్ తీగల్లో మరో చిక్కు ఉంది. బి కార్డ్‌లో ఫిఫ్త్‌గా సరిపోయే ఏడో తీగ, ఎ, బి పెడళ్ళు నొక్కి ఆరో తీగతో కలిపి మీటినప్పుడు హెచ్చుగా పలుకుతుంది. కొందరు తయారీదారులు పెడల్‌కు ఒక అదనపు రాడ్ తగిలించి ఆ తీగను రవ్వంత దించుతారు. నా వాద్యంలో అది లేదు, లోపంగా లెక్కించను.

లోపంగా లెక్కించేది మరొకటి ఉంది. ఎ, బి పెడళ్ళు రెండూ నొక్కినప్పుడు నాలుగు తీగల లాగుడు పెరిగి చెక్క పెట్టె లేశమంత వంగుతుంది. దానితో ముట్టుకోని తీగలు కూడా దిగుతాయి. దుకాణంలోనో అమ్మేవారి ఇంట్లోనో దీన్ని పరీక్షించడం తేలిక. ఎనిమిదో తీగను ట్యూనర్‌పై నిలిపి, మీటి, మోగుతుండగా రెండు పెడళ్ళూ నొక్కి ముల్లును చూడాలి. ఈ వాద్యంలో అది 4 సెంట్ల చుట్టూ దిగింది. వినేవారికి తెలియదు, కానీ శ్రుతి చేసేవారికి తెలుస్తుంది. ఇటువంటి పరీక్షకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర పాత వాద్యం కొనకపోవడం మేలు.

మరిన్ని పెడళ్ళు, లీవర్లు కావాలా అన్న ప్రశ్న ప్రతి ఆర్డరులోనూ వస్తుంది. నాష్‌విల్ స్టూడియోల్లో పేరుగాంచిన పాల్ ఫ్రాంక్లిన్ పేరుతో పిలిచే నాలుగో పెడల్ ఒకటుంది. అది 5, 10 తీగలను బి నుంచి ఎ స్వరానికి, ఆరో తీగను జి షార్ప్ నుంచి ఎఫ్ షార్ప్‌కు దించుతుంది. వినడానికి గంభీరంగా ఉంటుంది, కానీ దాన్ని అందుకోవడానికి పాదం మొదటి మూడు పెడళ్ళను దాటి రావాలి. మొదటి వాద్యం కొనేవారికి అది అవసరం లేదు. పెద్ద తీగలతో జాజ్, వెస్టర్న్ స్వింగ్ వాయించదలచినవారు సి సిక్స్త్ అనే మరో శ్రుతి మెడ కూడా ఉన్న జంట మెడల వాద్యమో, రెండు రకాల వాయింపునూ ఒకే మెడపై కలిపే పన్నెండు తీగల యూనివర్సల్ వాద్యమో చూసుకోవచ్చు; అది వేరే చదువు. హైదరాబాదుకో విజయవాడకో తెచ్చుకోదలచినవారికి నా సలహా, ఎంత తక్కువ యంత్రాంగం ఉంటే అంత మంచిదని. ఛేంజర్ విప్పి సరిచేయగల మనిషి దొరకడం కష్టం, బరువూ తక్కువేమీ కాదు. ఒక సెట్టు తీగలతో పాటు మూడో తీగలు విడిగా మరికొన్ని తెచ్చుకోవాలి. 0.011 అంగుళాల ఆ సన్నని తీగ జి షార్ప్ నుంచి ఎ వరకు పదేపదే లాగబడుతుంది, అన్నిటికంటే ముందు తెగేది అదే. ఈ కారణంగానే మూడో తీగను ఇంకా పైకి లాగే మార్పు దేన్నీ పట్టికలో చేర్చకూడదు.

ఛేంజర్ విషయంలో ఈ వర్క్‌షాపుకు మంచి మార్కులు వేయాలి. ప్రతి తీగకు మూడు పెంపులు, రెండు దింపులు తగిలించుకునే వీలుంది, వాడని రంధ్రాలు ఖాళీగా చక్కగా అందుతాయి. అలెన్ రెంచ్, ఒక చిన్న స్క్రూడ్రైవర్ ఉంటే రాడ్‌ను ఒక క్రాంక్ నుంచి మరొక క్రాంక్‌కు మార్చుకోవడం ఓపికున్నవారికి ఒక సాయంత్రం పని. నైలాన్ ట్యూనింగ్ నట్లు మరీ వదులుగా లేవు, శ్రుతి చేశాక తమంతట తాము తిరగవు. ఈ సౌకర్యం ఉన్నప్పుడు ఫ్యాక్టరీ అమరికను శాసనంగా తీసుకోనవసరం లేదు. లీవర్ల సంఖ్య మీద మాత్రం ముందే నిర్ణయం తీసుకోవాలి, ఎందుకంటే ఇరుసు, బ్రాకెట్టు తరవాత చేర్చడానికి వాద్యాన్ని తిరిగి పంపాల్సి రావచ్చు.

మొత్తంగా ఈ వాద్యాన్ని నేను కొనమనే అంటాను, మూడు సవరణలతో. బి ఫ్లాట్ మార్పును కుడి మోకాలిని ఎడమకు నెట్టే లీవరుకు మార్చి, మొదటి తీగను పెంచే మార్పును నిలువు లీవరుకు పంపమని అడగాలి. అది పెడళ్ళు నొక్కకుండా ఎక్కువగా వాడే మార్పు కాబట్టి మోకాలు ఎత్తడం బాధించదు. 5, 10 తీగలకు స్ప్లిట్ స్క్రూలు కావాలని ఆర్డరు కాగితంపై రాతపూర్వకంగా అడగాలి. నాలుగు లీవర్లతో సరిపెట్టుకునేవారు నిలువు లీవరునే వదులుకుని, ఆ మిగిలిన డబ్బుతో మంచి వాల్యూమ్ పెడల్, సరైన ఎత్తున్న కుర్చీ కొనుక్కోవాలి.